వెంట్రుకవాసి రికార్డులు

అన్నిటికన్నా పాత యాక్సిడెంట్ వయసు 6.6 కోట్ల ఏళ్లు. మెక్సికోలోని యుకటాన్ దగ్గర ఆకాశం నుంచి పడ్డ బండ అడ్డకొలత సుమారు 10 కిలోమీటర్లు. తాటిచెట్టు 60 అడుగులనుకుంటే 550 తాటిచెట్లు ఒకదాని నెత్తిన ఒకటి! ఎవరెస్టు కూడా దాని ముందు పొట్టిదే. తవ్విన గొయ్యి 180 కిలోమీటర్ల వెడల్పు. రాక్షసబల్లుల పని సరి. ఇప్పుడు గడియారం చూడండి. భూమి సూర్యుడి చుట్టూ సెకనుకు దాదాపు 30 కిలోమీటర్లు పరిగెడుతుంది. తన వెడల్పంత దూరం, అంటే 12,742 కిలోమీటర్లు దాటడానికి దానికి పట్టేది ఏడు నిమిషాల చిల్లర. ముతక లెక్కే అనుకోండి, ఆ బండ ఎనిమిది నిమిషాలు ఆలస్యంగా వచ్చుంటే భూమి తప్పుకుని పోయేది. ఒక్క నిమిషం తేడా వచ్చినా కింద నేల 26 కిలోమీటర్లు జరిగిపోయేది. పడ్డ చోటు కూడా అలాంటిలాంటిది కాదు. ఆకాశాన్ని కప్పేసేంత మసి లేపగల రాళ్లున్న నేల భూమి మొత్తమ్మీద 13 శాతమేనని 2017లో జపాన్ శాస్త్రవేత్తలు లెక్కగట్టారు. నూటికి 87 పాళ్లు బల్లుల వైపే ఉన్నాయి. అయినా ఓడిపోయాయి.

అతి పొడవైన లావా ప్రవాహం కిరీటం రాజమండ్రిది. ఇంచుమించు అదే కాలంలో పడమటి కనుమల దగ్గర నేల పగిలి పొంగిన లావా 1,000 కిలోమీటర్లు పాకి గోదావరి దాకా వచ్చిందని రాళ్ల రసాయన పరీక్షల్లో తేలింది. కాతేరు, పంగిడి, గౌరీపట్నం క్వారీల్లో కొట్టే నల్ల కంకర అదే. రెండు లావా పొరల మధ్య సున్నపురాయి పొర, అందులో గవ్వలు, నత్తగుల్లలు. గోదావరి జిల్లాల్లో కొత్త రోడ్డుకు కంకర దింపే లారీ బల్లుల నాటి సరుకు మోస్తోందన్నమాట.

మనిషి దాటిన గండాల్లో పెద్దది టోబా. 74,000 ఏళ్ల కిందట సుమత్రాలో పేలిన ఆ అగ్నిపర్వతం కక్కింది సుమారు 2,800 ఘన కిలోమీటర్లు. మిగిల్చిన గుంట 100 కిలోమీటర్ల పొడవు చెరువైంది. బూడిద 2,600 కిలోమీటర్లు ఎగిరొచ్చి నంద్యాల జిల్లా జ్వాలాపురం మీద పడింది. వాననీళ్లు దాన్ని పల్లానికి తోయడంతో రెండు మీటర్లు దాటిన పొర పేరుకుంది. పొర కింద రాతి పనిముట్లు, పొర పైన కూడా రాతి పనిముట్లు. పైగా ఒకే తీరువి! ఆకాశం రాలిపడినా అక్కడి జుర్రేరు లోయ జనం పని ఆపలేదు. వాళ్ల వారసులు మాత్రం ఆ బూడిదను తోమే పొడుల తయారీకి తవ్వి అమ్ముకున్నారు.

వెనక్కి లెక్కపెట్టే కొద్దీ అతి వేగంగా పెరిగే అంకె మీ పూర్వీకులది. తల్లిదండ్రులు ఇద్దరు, ఆ పైన నలుగురు, ఆ పైన ఎనిమిది మంది. 20 తరాలకు 10 లక్షలు దాటుతారు. 30 తరాలకు 107 కోట్లు. తరానికి 25 ఏళ్లేసుకుంటే అది ఓరుగల్లులో రుద్రమదేవి ఏలుతున్న కాలం. అప్పటి ప్రపంచ జనాభా మొత్తం 40 కోట్లకు అటూ ఇటూ. మిగతా వాళ్లెక్కడివాళ్లు? ఎక్కడివాళ్లూ కాదు, ఆ ముత్తాతలే నాలుగైదు దారుల్లో మళ్లీ మళ్లీ లెక్కకొస్తారు. మేనరికాల దేశంలో ఇది విడమరచి చెప్పనక్కర్లేదు. వాళ్లలో ఒక్కరు చిన్నప్పుడు మశూచితో పోయినా ఈ పేజీ చదవడానికి మీరుండరు.

అతి దూరం నుంచి యుద్ధం ఆపిన చావు ఒగెదై ఖాన్‌ది. 1241 ఏప్రిల్‌లో మంగోలులు హంగరీ సైన్యాన్ని మోహి దగ్గర తుడిచిపెట్టారు. వియన్నా ఎదురుగా ఉంది. డిసెంబరులో, అక్కడికి 6 వేల కిలోమీటర్ల దూరంలో, చెంగిజ్ ఖాన్ కొడుకు ఒగెదై తాగి తాగి పోయాడు. 1242 వసంతంలో సైన్యం గుర్రాలు వెనక్కి తిప్పింది. వానలకు నేల చిత్తడై గుర్రాలకు మేత కరువైందనే వాదన కూడా ఉంది. సీసా, చిత్తడి రెండూ కలిసే యూరప్‌ను కాపాడి ఉంటాయి.

గాలి గెలిచిన యుద్ధాల్లో జపాన్‌ది మొదటి స్థానం. 1281లో కుబ్లై ఖాన్ పంపింది 4,400 ఓడలు, లక్షా 40 వేల మంది అని ఆనాటి రాతల లెక్క. ఆగస్టులో తుపాను. ఓడలు సముద్రం అడుగున. 1274లోనూ ఆయన ఓడలకు గాలి దెబ్బే!

లెక్క తప్పి లాభపడినవాళ్లలో కొలంబస్‌ను కొట్టేవాడు లేడు. కానరీ దీవుల నుంచి జపాన్‌కు ఆయన వేసిన దూరం 4,500 కిలోమీటర్లలోపే. అసలు దూరం 19,600. అరబ్బుల మైలును దానికన్నా చిన్నదైన రోమన్ మైలుగా తీసుకోవడం ఒక తప్పు, ఆసియా ఖండాన్ని తూర్పుకు సాగదీయడం మరో తప్పు. కాదు పొమ్మన్న పోర్చుగల్ పండితులదే సరైన లెక్క. మధ్యలో ఎవరికీ తెలియని ఖండం అడ్డం పడకపోతే 90 మందీ దాహంతో పోయేవాళ్లు. సరైన లెక్క వేసినవాళ్ల పేర్లు ఎవరికీ గుర్తులేవు.

అతి తక్కువ మందితో కూలిన అతి పెద్ద సామ్రాజ్యం ఇంకాలది. 1532 నవంబరు 16, పెరూలోని కహమార్కా. పిజారో వెంట ఉన్నది 168 మంది. అందులో గుర్రాలున్నవాళ్లు 62. ఎదుట అతహువల్పా, ఊరి బయట 80 వేల సైన్యం. సాయంత్రానికి రాజు బందీ. స్పానిష్ వాళ్లలో ఒక్క ప్రాణం పోలేదు. అసలు కారణం కంటికి కనబడదు. కొన్నేళ్ల ముందే ఓడల్లో వచ్చిన రోగం, మశూచే కావచ్చు, ముసలి రాజును మింగింది. కొడుకులిద్దరూ కొట్టుకున్నారు. పిజారో దిగేసరికి గెలిచిన కొడుకు అతహువల్పా ఇంకా ఊపిరి తీసుకుంటున్నాడు. విడుదలకు కట్టిన ధర కూడా రికార్డే. 22 అడుగుల పొడవు, 17 అడుగుల వెడల్పు గది, మనిషి చెయ్యెత్తినంత మేర బంగారం. కరిగిస్తే 6 టన్నులు. తీసుకుని చంపేశారు.

మెట్టు జారి మారిన రాజ్యం ఢిల్లీ. 1556 జనవరిలో హుమాయూన్ తన గ్రంథాలయం మెట్ల మీద నుంచి పడి మూడు రోజుల్లో పోయాడు. కొడుకు అక్బర్‌కు 13 ఏళ్లు. అక్టోబరులో హేము ఢిల్లీ పట్టాడు. అప్పటికి 22 యుద్ధాలు గెలిచినవాడని పేరు. నవంబరు 5న రెండో పానిపట్టు. యుద్ధం హేము వైపే మొగ్గుతోంది. 1,500 ఏనుగుల సైన్యం, ఆయన కూర్చున్నది అందరికీ కనబడే ఏనుగు అంబారీలో. ఒక్క బాణం వచ్చి కంట్లో దిగింది. అంబారీ ఖాళీగా కనబడగానే సైన్యం చెదిరింది. అర చెయ్యి అటుగా పోయుంటే తర్వాతి 300 ఏళ్ల మొఘలుల పాఠం స్కూలు పుస్తకాల్లో ఒక పేరాతో సరిపోయేది.

విధి విలోమానికి మొదటి బహుమతి మాత్రం నిస్సందేహంగా అళియ రామరాయలకే. ఆయన మొదట కొలువు చేసింది గోల్కొండ సుల్తాన్ కులీ దగ్గరని అక్కడి చరిత్రకారుడే రాశాడు. 1515లో ఒక కోట పోగొట్టాడని కులీ కొలువు నుంచి తీసేశాడట. నడిచి నడిచి విజయనగరం చేరాడు, శ్రీకృష్ణదేవరాయలకు అల్లుడయ్యాడు, చివరకు రాజ్యమే చేతిలోకి వచ్చింది. 1543లో కులీ హత్య జరిగింది. ప్రాణభయంతో పారిపోయిన ఆయన చిన్నకొడుకు ఇబ్రహీం ఎవరి పంచన చేరాడు? రామరాయల పంచనే! ఏడేళ్లు అక్కడే తిండి, అక్కడే తెలుగు. తెలుగు కవులు నోరారా పిలుచుకున్న మల్కిభరాముడు ఆయనే. ఆయన కొలువు అధికారి అమీన్‌ఖాన్‌కే పొన్నెగంటి తెలగన తొలి అచ్చతెనుగు కావ్యం ‘యయాతి చరిత్ర’ అంకితమిచ్చాడు. మరి 1565 జనవరి 23న రక్కసి తంగడి దగ్గర రామరాయల తల తెగిన రోజు? ఎదుటి పక్షంలో కలిసి నిలబడ్డ సుల్తానుల్లో ఇబ్రహీం ఒకడు. ఆ ఒక్క మధ్యాహ్నం తర్వాత హంపి మళ్లీ లేవలేదు. 26 ఏళ్లకు ఇబ్రహీం కొడుకు హైదరాబాద్ కట్టాడు.

చరిత్రలో అతి తెలివితక్కువ బేరం అని అందరూ నవ్వేది 1667 నాటి బ్రెడా ఒప్పందాన్ని. డచ్చివాళ్లకు దక్కింది రన్ అనే దీవి. పొడవు 3 కిలోమీటర్లు, పంట జాజికాయ. ఇంగ్లీషువాళ్లకు వదిలేసింది మన్‌హాటన్. నాకైతే డచ్చివాళ్లు తెలివితక్కువవాళ్లుగా కనబడరు. ఆ ఏడు జాజికాయ ధర చూసినవాడెవడైనా అదే సంతకం పెట్టేవాడు.

ఒక్క చావుతో బతికిన రాజు ప్రష్యా ఫ్రెడరిక్. 1759లో కూనర్స్‌డార్ఫ్ యుద్ధానికి 50 వేల మందితో వెళ్లి, సాయంత్రానికి 3 వేల మందే మిగిలారని ఉత్తరం రాసుకున్నాడు. రష్యన్లు బెర్లిన్ దాకా వచ్చారు. విషం దగ్గర పెట్టుకుని తిరిగేవాడంటారు. 1762 జనవరి 5న రష్యా రాణి ఎలిజబెత్ పోయింది. గద్దెనెక్కిన మూడో పీటర్ ఫ్రెడరిక్‌కు వీరాభిమాని! గెలిచిన యుద్ధాన్ని ఓడినవాడికి దానం చేశాడు. పీటర్ పాలన ఆరు నెలలు. ఆ ఆరు నెలలే చాలు, ప్రష్యా నిలిచింది, తర్వాత జర్మనీ అయింది.

అతి తక్కువ నెత్తుటితో దొరికిన పెద్ద రాజ్యం బెంగాల్. 1757 జూన్ 23, ప్లాసీ. క్లైవ్ వైపు 3 వేలు, నవాబు వైపు 50 వేలు. మధ్యాహ్నం అరగంట వాన. ఇంగ్లీషువాళ్లు తుపాకిమందు మీద టార్పాలిన్లు కప్పుకున్నారు, నవాబు మందు తడిసి ముద్దయింది. క్లైవ్ పక్షాన చచ్చింది 22 మంది. వానను ఎక్కువ పొగడక్కర్లేదు, నవాబు సేనాపతి మీర్ జాఫర్‌తో బేరం అప్పటికే కుదిరింది.

ప్లాసీ అందరికీ తెలుసు, బందరు ఎవరికీ తెలియదు. తెగింపులో నా ఓటు బందరుకే. 1758 డిసెంబరులో పిఠాపురం దగ్గర చందుర్తిలో ఫ్రెంచివాళ్లను ఓడించిన కల్నల్ ఫోర్డ్ 1759లో మచిలీపట్నం కోట ముట్టడించాడు. ఎదురుగా కోట, వెనక నుంచి నిజాం సలాబత్ జంగ్ సైన్యం కమ్ముకొస్తోంది. జీతాల్లేక తన తెల్ల సైనికులే ఒకసారి తిరగబడ్డారు కూడా. మందుగుండు రెండు రోజులకే ఉంది. ఏప్రిల్ 7 రాత్రి చిత్తడి నేల మీదుగా దాడి. తెల్లారేసరికి కోట అతనిది. పట్టుబడ్డ బందీలు, పట్టుకున్నవాళ్లకన్నా ఎక్కువ మంది! కొద్ది రోజులకే ఫ్రెంచి సాయం ఓడలెక్కి వచ్చింది, చూసి వెళ్లింది. ఉత్తర సర్కారుల తలరాత ఆ రాత్రి బురదలో తిరిగింది.

ఇక తప్పు మలుపుల్లో చక్రవర్తి. 1914 జూన్ 28, సారయేవో. ఆస్ట్రియా యువరాజు ఫెర్డినాండ్ ఊరేగింపు, నది ఒడ్డు రోడ్డు మీద ఆయుధాలతో ఆరుగురు కుర్రాళ్లు. మొదటివాడికి చెయ్యి లేవలేదు. తర్వాత చాబ్రినోవిచ్ అనేవాడు బాంబు విసిరాడు. మడిచి ఉన్న కారు టాపు మీద పడి జారి వెనక కారు కింద పేలింది. అతను సైనైడ్ మింగి నదిలో దూకాడు. సైనైడ్ పాతది, వాంతయింది. నదిలో ఆ రోజు నీళ్లు జానెడే. పట్టుకుని లాక్కెళ్లారు. మిగతావాళ్ల ముందు నుంచి కార్లు దూసుకెళ్లాయి. పథకం అట్టర్ ఫ్లాప్. టౌన్‌హాల్లో యువరాజు మేయర్ మీద అరిచి, గాయపడ్డవాళ్లను చూడటానికి ఆసుపత్రికి పోదామన్నాడు. దారి మార్చారు. మారిన దారి డ్రైవర్ లోయ్‌కాకు చెప్పలేదు. అతను పాత దారే పట్టి లాటిన్ వంతెన దగ్గర కుడికి తిప్పాడు. గవర్నర్ కేక వేశాడు. కారు ఆగింది. ఆగింది సరిగ్గా 19 ఏళ్ల గావ్రిలో ప్రిన్సిప్ ముందు, ఐదడుగుల దూరంలో. రెండు గుళ్లు. యువరాజు, ఆయన భార్య సోఫీ ఇద్దరూ పోయారు. 37 రోజుల్లో యూరప్ అంతా యుద్ధం. నాలుగేళ్లలో దాదాపు కోటి మంది సైనికులు, అందులో భారతీయులు 74 వేలు. కూలిన సామ్రాజ్యాలు నాలుగు. ప్రిన్సిప్‌కు ఉరి పడలేదు, 20 ఏళ్లు నిండలేదని చట్టం ఒప్పుకోలేదు. 1918 ఏప్రిల్‌లో జైల్లోనే క్షయతో పోయాడు.

ప్రిన్సిప్ అక్కడ శాండ్‌విచ్ తింటుండగా కారు వచ్చిందనే కథ ఒకటి తిరుగుతోంది. కట్టుకథ. నిజమే ఇంత వింతగా ఉంటే శాండ్‌విచ్ ఎందుకో! ఇంకో మాట. ఆ మలుపే యుద్ధం తెచ్చిందనడం డ్రైవర్‌కు అన్యాయం. పొడుగునా ఎండుగడ్డి పేర్చినవాళ్లు రాజధానుల్లో ఉన్నారు.

13 నిమిషాలు: ప్రాణం మిగిల్చిన అతి చెడ్డ రికార్డు. 1939 నవంబరు 8, మ్యూనిక్‌లో హిట్లర్ ప్రసంగించే బీరు హాలు. గెయోర్గ్ ఎల్జర్ అనే వడ్రంగి ముప్పైకి పైగా రాత్రులు ఆ హాల్లో దాక్కుని, వేదిక వెనక స్తంభాన్ని తొలిచి బాంబు అమర్చాడు. గడియారం 9:20కి పెట్టాడు. సరిగ్గా 9:20కే పేలింది, 8 మంది పోయారు. కానీ ఆ రాత్రి మంచు, విమానం ఎగరదు, రైలు అందుకోవాలి. హిట్లర్ 9:07కే ప్రసంగం ముగించాడు. 1944 జూలై 20న హిట్లర్‌ను చంపాలని జర్మన్ సైనికాధికారి స్టాఫెన్‌బర్గ్ బ్యాగులో రెండు బాంబులు తెచ్చాడు, రెండోదానికి ఫ్యూజు పెట్టే తీరిక దొరకలేదు. ఉన్న ఒక్కదాన్ని ఎవరో బల్ల కోడు అవతలికి జరిపారు. ఓక్ కోడు అడ్డం నిలిచింది.

అదృష్టం రెండో వైపు కూడా పని చేసింది. 1931 డిసెంబరు 13న న్యూయార్క్‌లో లండన్ అలవాటు కొద్దీ రెండో వైపు చూస్తూ రోడ్డు దాటిన చర్చిల్‌ను కారు గుద్దింది. బతికాడు. 1933 ఫిబ్రవరి 15న మయామీలో రూజ్‌వెల్ట్ మీద ఒకడు ఐదు గుళ్లు కాల్చాడు. మనిషి పొట్టి, ఎక్కిన కుర్చీ కదిలింది. గుళ్లు వేరే ఐదుగురికి తగిలాయి.

అతి చౌకగా దొరికిన నోబెల్ సికింద్రాబాద్‌ది, ధర దోమకు ఒక అణా. బేగంపేటలో రొనాల్డ్ రాస్ రెండేళ్లు దోమలు కోశాడు. వందల దోమలు, అన్నీ తప్పు జాతివి. 1897 ఆగస్టులో మనుషులు తెచ్చిన పిల్లపురుగుల నుంచి రెక్కల మీద మచ్చలున్న గోధుమరంగు దోమలు కొన్ని పొదిగాయి. హుసేన్ ఖాన్ అనే మలేరియా రోగిని దోమతెరలో పడుకోబెట్టి కుట్టించారు, కుట్టిన దోమకు అణా చొప్పున ఇచ్చారు. పంకా వేస్తే కోసిన దోమ ఎగిరిపోతుంది, వేయకపోతే ఉక్క. నుదుటి చెమట కారి మైక్రోస్కోపు మరలు తుప్పుపట్టాయి, మిగిలిన ఒక్క కంటి గాజూ బీటలు వారింది. దోమలు ఒక్కొక్కటే చస్తున్నాయి. ఆగస్టు 20 నాటికి చేతిలో మిగిలినవి ఒకటి రెండే. వాటిలో ఒకదాని పొట్ట గోడలో నల్లటి చుక్కలున్న గుండ్రటి కణాలు కనబడ్డాయి. మలేరియా దారి దొరికింది. నెల తిరక్కుండానే సర్కారు బదిలీ చేసింది. ఎక్కడికి? మలేరియా కేసు దొరకడమే కష్టమైన రాజపుతానా మూలకు! నోబెల్ 1902లో వచ్చింది.

మందుల్లో పెన్సిలిన్ బూజు కథ (1928, లండన్, సెలవుల నుంచి వచ్చిన ఫ్లెమింగ్) అరిగిపోయింది, వదిలేద్దాం. అంతకన్నా వింత భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావుది. మెట్రిక్ రెండుసార్లు తప్పాడు. సన్యాసుల్లో కలుద్దామనుకున్నాడు. మద్రాసు మెడికల్ కాలేజీలో ఖద్దరు గౌను వేసుకున్నందుకు ప్రొఫెసర్ కన్నెర్ర చేస్తే ఎంబీబీఎస్ బదులు ఎల్ఎంఎస్‌తో సరిపెట్టుకున్నాడు. సోదరులిద్దరు స్ప్రూ అనే పేగు జబ్బుతో కొద్ది రోజుల తేడాలో పోయారు, తానూ అదే జబ్బుతో చావు దాకా వెళ్లొచ్చాడు. 1923లో అమెరికా. తర్వాత ఆయన బృందం చేతుల్లోంచి వచ్చినవి: స్ప్రూకు పనిచేసే ఫోలిక్ యాసిడ్, క్యాన్సర్‌కు మెథోట్రెక్సేట్, 1948లో ఆరియోమైసిన్. మెట్రిక్ తప్పినవాళ్లలో ఇంతమందిని బతికించినవాడు మరొకడు కనబడడు.

అతి ఖరీదైన మబ్బు కోకురా మీద పట్టింది. 1945 ఆగస్టు 9న రెండో అణుబాంబు పడాల్సింది ఆ ఊరి మీదే. విమానం మూడుసార్లు చుట్టింది. మబ్బు, పక్క ఊరు తగలబడుతున్న పొగ. గురి కనబడలేదు, పెట్రోలు తగ్గుతోంది. నాగసాకికి తిరిగారు. ఆ ఏడాది చివరికి నాగసాకిలో చచ్చినవాళ్లు 70 వేలని అంచనా. నాగసాకి పేరు జాబితాలోకి రావడమూ చిత్రమే. ముందున్న పేరు క్యోటో. 1926లో క్యోటో చూసొచ్చిన అమెరికా యుద్ధ మంత్రి స్టిమ్సన్ పట్టుబట్టి ఆ పేరు కొట్టేయించాడు. ఒక యాత్ర ఒక నగరాన్ని కాపాడింది, ఇంకో నగరాన్ని ఆ గడిలోకి నెట్టింది. రెండు బాంబులూ తిన్న సుతోము యమగుచి సంగతి మరీ విడ్డూరం. ఉద్యోగం పని మీద హిరోషిమా వచ్చాడు, ఆగస్టు 6న ఇంటికి బయల్దేరి, మరిచిపోయిన ముద్ర కోసం వెనక్కి వెళ్లాడు. బాంబు 3 కిలోమీటర్ల దూరంలో. కాలిన ఒంటితో రైలెక్కి ఇల్లు చేరాడు. ఇల్లు నాగసాకి. 9వ తేదీన ఒక్క బాంబుతో ఊరంతా పోయిందని ఆఫీసులో చెబుతుంటే పై అధికారి నమ్మడం లేదు. అంతలో కిటికీ తెల్లబడింది. మళ్లీ 3 కిలోమీటర్లే. పోయింది 2010లో, 93 ఏళ్లకు.

ఒక్క ‘వద్దు’తో మిగిలిన ప్రపంచం: 1962 అక్టోబరు 27, క్యూబా దగ్గర సోవియట్ జలాంతర్గామి బి-59. లోపల 45 డిగ్రీలు, బ్యాటరీ అడుగంటింది, రోజుల తరబడి మాస్కోతో మాట లేదు, పైనుంచి అమెరికా ఓడలు బెదిరింపు బాంబులు వేస్తున్నాయి. కెప్టెన్ సవిత్స్కీ అణు టార్పెడో సిద్ధం చేయమన్నాడు. ముగ్గురు ఒప్పుకోవాలి, ఇద్దరు ఊఁ అన్నారు. మూడోవాడు వసీలీ ఆర్కిపోవ్. ఊఁ అనలేదు.

ఒంటరి నిర్ణయాల్లో రికార్డు పెట్రోవ్‌ది. 1983 సెప్టెంబరు 26, మాస్కో దగ్గరి బంకర్. అమెరికా నుంచి ఒక క్షిపణి బయల్దేరిందని తెర ఎరుపెక్కింది. ఆ వెంటనే రెండు, మూడు, నాలుగు, ఐదు. లెఫ్టినెంట్ కల్నల్ స్తనిస్లావ్ పెట్రోవ్ లెక్క తేలికైనది. యుద్ధం మొదలెట్టేవాడు ఐదుతో మొదలెట్టడు. తప్పుడు హెచ్చరిక అని పైకి చెప్పాడు. నిజంగానే అది మబ్బుల మీద పడ్డ ఎండ మెరుపు. దక్కిన బహుమానం? లాగ్‌బుక్ సరిగా నింపలేదని చీవాట్లు! 2017 మే నెలలో ఆయన పోయిన సంగతి లోకానికి సెప్టెంబరులో తెలిసింది.

నోరు జారి కూలిన గోడల్లో పెద్దది 155 కిలోమీటర్ల బెర్లిన్ గోడ. 1989 నవంబరు 9 సాయంత్రం తూర్పు జర్మనీ నాయకుడు షాబోవ్‌స్కీ చేతికి విలేకరుల సమావేశానికి ముందు ఒక కాగితం ఇచ్చారు. ఆ చర్చలో ఆయన లేడు. ప్రయాణాల మీద ఆంక్షలు సడలిస్తున్నామని చదివాడు. ఎప్పటి నుంచి అని అడిగారు. అసలు నిర్ణయం ప్రకారం మర్నాటి నుంచి, అదీ వీసా దరఖాస్తు పెట్టుకున్నాక. ఆయన కాగితం అటూ ఇటూ తిప్పి, తెలిసినంతలో ఇప్పుడే అన్నాడు. ఏడు గంటలకు సమావేశం ముగిసింది. పదకొండున్నరకు బోర్న్‌హోల్మర్ వీధి గేటు జనం ముందు తలవంచింది. 28 ఏళ్ల గోడ, నాలుగున్నర గంటల్లో.

అతి పొడవైన నిద్ర అన్నమయ్య పాటలది. 32 వేల సంకీర్తనలు రాశాడని ప్రతీతి. కొడుకులు, మనుమలు రాగిరేకుల మీద చెక్కించి తిరుమల గుడిలో హుండీ ఎదుట రాతి గదిలో పెట్టారు. తర్వాత నాలుగు వందల ఏళ్లు అంతా మరిచారు. 1922లో బయటపడ్డాయి. రేకులు సుమారు 2,500, పాటలు 14 వేలు. రాగి కరిగించి బిందెలు చేసుకునే వస్తువని గుర్తుంచుకోండి, అప్పుడు ఈ అంకె విలువ తెలుస్తుంది. అమరావతి స్తూపానికి ఆ అదృష్టం సగమే దక్కింది. 1790ల చివర్లో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు కొత్త ఊరు కట్టిస్తుంటే కూలీలు దీపాలదిన్నె తవ్వారు. చెక్కిన పాలరాళ్లు గోడల్లోకి, మెట్లలోకి వెళ్లాయి, కొన్ని సున్నపు బట్టీల్లోకి. కర్నల్ మెకంజీ చూడబట్టి మిగిలినవి మిగిలాయి. హరప్పాది ఘోరం. 1850లలో లాహోర్–ముల్తాన్ రైలు పట్టాల కింద 160 కిలోమీటర్ల మేర పరిచింది ఆ నగరం ఇటుకలే. రైళ్లు దశాబ్దాల పాటు తిరిగాక, 1924లో, ఆ ఇటుకల వయసు లోకానికి తెలిసింది.

చివరగా ఓట్ల పెట్టె. దేశంలో లోక్‌సభ ఎన్నికల్లో అతి తక్కువ ఆధిక్యం 9 ఓట్లు, మన అనకాపల్లిలో, 1989లో, కొణతాల రామకృష్ణది. 1998లో బీహార్ రాజ్‌మహల్ ఆ రికార్డు పంచుకుంది. 2008లో రాజస్థాన్ కాంగ్రెస్ అధ్యక్షుడు సీపీ జోషి ముఖ్యమంత్రి కుర్చీకి చెయ్యి చాపి నాథ్‌ద్వారాలో ఓడింది ఒక్క ఓటుతో. 62,215, ఎదుటివాడికి 62,216. ఒక్క ఓటుతో ప్రభుత్వాలు పోవడంలో మనవాళ్లే ముందు. 1954 నవంబరులో ఆంధ్ర రాష్ట్రంలో టంగుటూరి ప్రకాశం మంత్రివర్గం మద్యనిషేధం గొడవలో ఒక్క ఓటుతో పడింది. మరుసటి ఏడు ఎన్నికల్లో అధికారం తమదేననుకున్న కమ్యూనిస్టులకు 196లో 15 సీట్లు వచ్చాయి. 1999 ఏప్రిల్ 17న వాజపేయికి 269, ఎదుట 270. నెల తిరక్కముందే కార్గిల్. ఆ యుద్ధం నడిపింది పడిపోయిన ప్రభుత్వమే. ఇక 2000లో అమెరికా అధ్యక్షుణ్ని తేల్చింది ఫ్లోరిడాలో పడ్డ దాదాపు 60 లక్షల ఓట్లలో 537.

ఒక్క ఓటూ తేడా లేని పోటీ వర్జీనియాది. 2017లో శాసనసభ సీటుకు యాన్సీ, సిమండ్స్ ఇద్దరికీ 11,608. సభలో ఆధిక్యం ఎవరిదన్నది ఆ సీటు మీదే. 2018 జనవరి 4న రెండు చీటీలు పాత ఫిల్మ్ రీలు డబ్బాల్లో పెట్టి, పింగాణీ గిన్నెలో వేసి కలిపారు. యాన్సీ డబ్బా వచ్చింది. సభ 51–49తో రిపబ్లికన్లది. రెండేళ్లకు ఆ ఇద్దరే మళ్లీ బరిలో దిగితే సిమండ్స్ గెలిచింది. ఈసారి గిన్నె బయటకు తీయాల్సిన పని పడలేదు.